తొక్కేది ఒకరు – కాలు వచ్చేది మరొకరికి

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు చార్మినార్ దగ్గర గాజుల దుకాణాలన్నీ మూసే ఉంటాయి. ఊడ్చేవారి చీపుళ్ళ చప్పుడు, ఇరానీ హోటల్‌లో కప్పులు కడిగే చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. మక్కా మసీదు వైపు నమాజుకు వెళ్ళేవారు ఒకరొకరుగా నడుస్తుంటారు. ఆ వేళకు నెత్తిన గట్టి టోపీలు, వెనుక మినుకుమినుకుమనే ఎర్ర దీపాలతో సైకిళ్ళు ఒక్కొక్కటే వచ్చి ఆగుతాయి. పాతబస్తీ కుర్రవాళ్ళు కొందరు, మూసీ అవతలి నుంచి వచ్చిన ఉద్యోగులు కొందరు, తల నెరిసినవారు కొందరు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అయ్యాక కొందరు చార్మినార్ ముందు ఫొటో దిగి ఇంటి దారి పడతారు. మరికొందరు శాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డెక్కుతారు.

ఈ రోడ్డు వెంట ఉన్న తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల్, ఆమన్‌గల్ వాసులకు వీరు కొత్త కాదు. పొద్దున్నే పాల క్యాన్లతో బయల్దేరిన రైతుకు ఎదురవుతారు. హోటల్ ముందు ఆగి అరటిపళ్ళు కొంటారు. ఖరీదైన సైకిల్ మీద చెమటలు కక్కుతూ ఇంత దూరం రావడమెందుకు, బస్సు లేదా అని నవ్వుకునేవారూ ఉన్నారు. వ్యాయామం కోసం వచ్చేవారే ఎక్కువ. అయితే వీరిలో కొందరు తమ పనికి వెల కట్టుకుని వస్తారు. ఆ వెల వారి జేబులోకి పోదు. ఎవరికో కృత్రిమ కాలుగానో, ఒక పిల్లవాడి వైద్యం ఖర్చుగానో మారుతుంది. అదెలాగన్నది తెలుసుకోదగిన సంగతి.

సైకిల్ తొక్కుడు మనకు కొత్త కాదు

నలభై, యాభై యేళ్ళు దాటినవారికి ఊళ్ళో జరిగిన సైకిల్ తొక్కుడు గుర్తుండే ఉంటుంది. బస్టాండు పక్క మైదానంలో నాలుగు గుంజలు పాతి, రంగు కాగితాల తోరణాలు కట్టి, మైకు సెట్టులో సినిమా పాటలు వేసేవారు. ఒక మనిషి మూడు పగళ్ళు, మూడు రాత్రులు – ఒక్కోచోట వారం రోజులు – కాలు నేల మీద పెట్టకుండా గిరగిరా తిరిగేవాడు. స్నానం సైకిల్ మీదే, అన్నం సైకిల్ మీదే, గడ్డం గీసుకోవడం కూడా సైకిల్ మీదే. ఆఖరి రోజు ఊరంతా చేరి అతని చొక్కాకు నోట్లు గుచ్చేవారు. అది అతని పొట్టకూటి విద్య. అందులో తప్పేమీ లేదు. అతని కష్టం కళ్ళముందు కనిపించేది కనుకనే జనం డబ్బిచ్చారు.

ఇప్పటి వారు చేసేదీ దాదాపు అదే. తిరిగే చోటు మైదానం కాక రోడ్డయింది, నోటు గుచ్చే చొక్కా మరొకరిదయింది, అంతే తేడా.

లెక్క ఇలా ఉంటుంది. ఒక మనిషి 200 కిలోమీటర్లు తొక్కడానికి పూనుకుంటాడు. చుట్టాలకు, స్నేహితులకు, పనిచేసే చోట తోటివారికి ముందుగానే చెబుతాడు: తాను తొక్కే ప్రతి కిలోమీటరుకు ఒక రూపాయి చొప్పున ఫలానా సేవా సంస్థకు ఇవ్వాలని. ఒక్కరిస్తే 200 రూపాయలు. యాభై మంది ఒప్పుకుంటే 10,000 రూపాయలు. మధ్యలో 120 కిలోమీటర్ల దగ్గర దిగిపోతే 6,000 దగ్గరే ఆగిపోతుంది. అందుకే మోకాలు పట్టేసినా, ఎదురుగాలి కొట్టినా సీటు దిగబుద్ధి కాదు. వట్టి చందా అడిగితే పది రూపాయలు ఇవ్వడానికి గొణిగే మనిషి కూడా కష్టపడేవాడిని చూసి వంద ఇస్తాడు. మన జనం స్వభావం తెలిసినవారికి ఇది వింతగా అనిపించదు.

ఒంటి కాలితో సముద్రం నుంచి

ఈ పద్ధతికి ప్రపంచంలో పెద్ద పేరు తెచ్చినవాడు కెనడా దేశపు కుర్రవాడు టెర్రీ ఫాక్స్. 18 యేళ్ళ వయసులో, 1977లో, ఎముక క్యాన్సర్ వల్ల అతని కుడి కాలు మోకాలి పై వరకు తీసేశారు. ఆస్పత్రిలో తనతోపాటు ఉన్న చిన్నపిల్లల బాధ చూసి, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయాలనుకున్నాడు. యేడాదికి పైగా సాధన చేసి, 1980 ఏప్రిల్ 12న దేశపు తూర్పు కొసన సముద్రం నీటిలో కృత్రిమ కాలు తడిపి పరుగు మొదలుపెట్టాడు. రోజుకు సుమారు 42 కిలోమీటర్లు. అంటే రోజుకొక మారథాన్. దేశంలో ఒక్కొక్కరి పేర ఒక్క డాలరు వస్తే చాలన్నాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తేలి సెప్టెంబరు 1న ఆగిపోయాడు. 1981 జూన్‌లో, 23 యేళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. అప్పటికే 2 కోట్ల 40 లక్షల డాలర్లు పోగయ్యాయి. అప్పటి కెనడా జనాభా కూడా ఇంచుమించు అంతే.

మన దగ్గర కృత్రిమ కాలు అనగానే చాలామందికి గుర్తొచ్చేది 'మయూరి' సినిమా. ప్రమాదంలో కాలు పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూర్ కాలు పెట్టుకుని మళ్ళీ నాట్యమాడడం తెలుగు పల్లెలన్నీ చూశాయి. ఆ జైపూర్ కాలు 1960ల చివర రాజస్థాన్‌లో డాక్టర్ సేథీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి రబ్బరు, కట్టెతో తయారుచేసింది. పొలం గట్టు మీద నడవడానికి, బాసిపట్లు వేసుకుని కూర్చోవడానికి పనికివచ్చేటట్టు చేశారు. శిబిరాల్లో ఉచితంగానే ఇస్తారు. నడకకు అది చాలు. కాని సైకిల్ పోటీకి, పరుగుకు కావలసిన కాలు వేరు. దాని ఖరీదు లక్షల్లో ఉంటుంది. పెరిగే పిల్లలకైతే కాలు అమర్చే తొడుగు మళ్ళీ మళ్ళీ మార్చాలి. చందా అవసరం అక్కడే వస్తుంది.

నగరంలో మొదలైన పని

హైదరాబాద్‌లో ఈ తరహా సైకిల్ యాత్రలకు ఒక రూపం తెచ్చిన మనిషి ఆదిత్య మెహతా. వ్యాపార కుటుంబంలో పుట్టిన ఈయన 2006లో రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్నారు. తర్వాత సైకిల్ పట్టారు. 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు వెండి పతకాలు తెచ్చారు. ఆ యేడే తన పేర ఒక సంస్థ పెట్టి, కాళ్ళూ చేతులూ పోయినవారికి, చూపులేనివారికి క్రీడల శిక్షణ మొదలుపెట్టారు. మూసీ అవతల బేగంపేటలో వారి శిక్షణ కేంద్రం నెలకొంది. సరిహద్దు దళాల్లో పనిచేస్తూ గాయపడి అవయవాలు పోయిన జవాన్లు ఎందరో అక్కడ సాధన చేశారు.

ఆ ఖర్చుకు డబ్బు తెచ్చే దారుల్లో ఒకటి 'ఇన్ఫినిటీ రైడ్' అనే సైకిల్ యాత్ర. 2020 నవంబరులో కాశ్మీరు నుంచి బయల్దేరిన బృందం డిసెంబరు నెలాఖరుకు కన్యాకుమారి చేరింది. దూరం 3,800 కిలోమీటర్ల పైమాట. కాళ్ళున్నవారూ, లేనివారూ కలిసే తొక్కారు. కరోనా భయంతో జనం ఇంకా మాస్కులు కట్టుకుని తిరుగుతున్న రోజులవి.

ఈ సంస్థ శిక్షణలో రాటుదేలినవారిలో నంద్యాలకు చెందిన షేక్ అర్షద్ ఒకరు. చిన్న వయసులోనే ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న ఈ యువకుడు 2024లో పారిస్ పారాలింపిక్స్‌కు వెళ్ళాడు. మహారాష్ట్ర అమ్మాయి జ్యోతి గడేరియా కూడా వెళ్ళింది. పారాలింపిక్స్ సైకిల్ పోటీల్లో భారతదేశం తరఫున దిగిన మొదటివారు వీరిద్దరే. పతకం రాలేదు. అయినా రాయలసీమ ఊరి నుంచి పారిస్ ట్రాకు దాకా వెళ్ళిన ఆ దారిలో ఎవరో తొక్కిన కిలోమీటర్ల రూపాయలు కూడా కొన్ని ఉన్నాయన్నది మరువరాదు.

సాధన అంటే ఇది

ఒక్కసారిగా 200 కిలోమీటర్లు తొక్కుదామని బయల్దేరినవాడు మర్నాడు మంచం దిగడు. పరుగైనా అంతే. అనుభవం ఉన్నవారు చెప్పే సూత్రం ఒకటే: ఈ వారం ఎంత చేస్తే వచ్చేవారం దానికి పదో వంతు మించి పెంచవద్దు. వారానికి మూడు నాలుగు రోజులు కొద్దికొద్దిగా, ఒక్కరోజు – అది ఆదివారమే – ఎక్కువ దూరం. మూడు వారాలు పెంచాక ఒక వారం తగ్గించాలి. కండరం బలపడేది పరిగెత్తేటప్పుడు కాదు, విశ్రాంతి తీసుకునేటప్పుడు. ఈ మాట కుర్రవాళ్ళకు ఎక్కదు.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. దానికి నాలుగైదు నెలల సాధన కావాలి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది కనుక సాధన మొదలుపెట్టేది సరిగ్గా ఎండాకాలంలో! ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటితే రోడ్డు పెనంలా కాలుతుంది. అందుకే నాలుగు గంటలకే లేవడం. పాతబస్తీలో మీర్ ఆలం చెరువు పక్క రోడ్లలో, కులీ కుతుబ్ షా స్టేడియంలో పొద్దుపొడవక ముందే పరిగెత్తేవారిది ఈ తొందరే. ఆడవారికి ఆ చీకటి వేళ ఒంటరిగా రావడం ఇబ్బంది. వీధి దీపాలు సరిగా వెలిగితే వచ్చేవారు ఇంకా పెరుగుతారు.

రంజాన్ నెల వస్తే పాతబస్తీ సాధకుల వేళలు తారుమారవుతాయి. ఉపవాసం ఉన్నవారికి పగలంతా నీటి చుక్క ఉండదు. ఇఫ్తార్ తర్వాత కొంత జీర్ణమయ్యాక తేలికగా పరిగెత్తుతారు. ఎక్కువ దూరాలు ఆ నెలలో మానుకుని, పండుగ తర్వాత మళ్ళీ మొదలుపెడతారు. హలీం గిన్నె ముందు కూర్చుని సాధన లెక్కలు ఎవరికి గుర్తుంటాయి అనుకోండి!

సైకిల్ వారికి 'బ్రెవె' అనే పద్ధతి ఒకటుంది. ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఇది పందెం కాదు, ముందు వచ్చినవాడికి కప్పు ఉండదు. గడువులోగా ముగించాలి, అంతే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు. దారిలో నిర్ణీత స్థలాల్లో కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. టైరు పంక్చరైనా, గొలుసు తెగినా తానే బాగుచేసుకోవాలి. నాలుగు వందలు, ఆరు వందలు తొక్కేవారు రాత్రంతా రోడ్డు మీదే ఉంటారు. నిద్ర ఆపుకోలేక బస్ షెల్టరు బల్ల మీద ఇరవై నిమిషాలు కునుకు తీసి లేస్తారు. అర్ధరాత్రి మన ఊరి బస్ షెల్టరులో సైకిల్ పక్కన పెట్టుకుని పడుకున్న మనిషి కనిపిస్తే దొంగ అనుకోనవసరం లేదు.

సీటు ఎత్తు చిన్న విషయంగా కనిపిస్తుంది గాని మోకాళ్ళను కాపాడేదీ, పాడుచేసేదీ అదే. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. మన ఊళ్ళలో చాలామంది సీటు మరీ కిందికి దించి తొక్కుతారు. కొద్ది దూరానికి ఫరవాలేదు, రోజూ పది మైళ్ళు తొక్కేవారికి మాత్రం మోకాళ్ళ నొప్పి అక్కడి నుంచే.

తిండి మాటకొస్తే, ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి. ఒంట్లో దాచుకున్న చక్కెర సత్తువ సుమారు 30 కిలోమీటర్ల పరుగుకు సరిపోతుంది. ఆ తర్వాత కాళ్ళు సీసం పోసినట్టవుతాయి. అందుకే జేబులో పల్లిపట్టీలు, ఖర్జూరాలు. చెమటతో ఉప్పు పోతుంది కనుక వట్టి నీళ్ళు అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి కళ్ళు తిరిగి పడిపోతారు. లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు – చెంచాలు తలకొట్టి కొలవాలి – పిల్లలకు విరేచనాలైతే పట్టే నీళ్ళే ఇవి. ఎండలో కలుపు తీసే కూలీలకూ పనికివస్తాయి. నలభై దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు డాక్టరుకు చూపించుకున్నాకే ఇటువంటి సాధన మొదలుపెట్టాలి.

ఒంటి కాలితో తొక్కడంలో కష్టం

రెండు కాళ్ళున్నవారు తొక్కేటప్పుడు ఒక కాలు కిందికి నొక్కుతుంటే రెండోది దానంతటదే పైకి లేస్తుంది. ఒక్క కాలే ఉంటే, పెడల్ కింది నుంచి పైకి వచ్చే సగం చుట్టులో నెట్టేవారు ఉండరు. అందుకని బూటును పెడల్‌కు గొళ్ళెంలా బిగించి, అదే కాలితో నొక్కడం, అదే కాలితో పైకి లాగడం చేస్తారు. తొడ వెనుక కండరాలు మామూలు మనిషికంటే ఎన్నో రెట్లు పనిచేయాలి. పహాడీ షరీఫ్ దగ్గరి ఎక్కుడు మనకే ఆయాసం తెప్పిస్తుంది. అక్కడ ఒంటి కాలితో ఎక్కడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కృత్రిమ కాలు పెట్టుకున్నవారికి మరో బాధ. మిగిలిన మొండి భాగం తొడుగులో చెమట పడుతుంది, ఒరుసుకుని పుండ్లు పడతాయి. గంటలు గడిచేకొద్దీ మొండి కొద్దిగా కుంచించుకుపోయి తొడుగు వదులవుతుంది. అప్పుడు ఆగి, కాలు ఊడదీసి, తుడుచుకుని, పైన మరో మేజోడు తొడిగి మళ్ళీ బిగించుకోవాలి. కాళ్ళు రెండూ పనిచేయనివారు చేతులతో తిప్పే మూడు చక్రాల బండి నడుపుతారు. చూపులేనివారు ఇద్దరు తొక్కే సైకిల్ మీద వెనుక కూర్చుంటారు. ముందు కూర్చున్నవారు గుంత వస్తోంది, మలుపు వస్తోంది అని చెబుతుండాలి.

రోడ్డు మీద మనవంతు

ఈ సైకిళ్ళకు మన పల్లెల్లో ఎదురయ్యే గండాలు మూడు. తుమ్మ ముళ్ళు మొదటిది. సన్న టైర్లు కనుక ఇట్టే దిగిపోతాయి. కుక్కలు రెండోది. మూడోది మన చేతిలో ఉన్నదే – పంట కాలంలో రోడ్డు మీద ఆరబోసే వడ్లు, మక్కలు. మక్కల మీద సైకిల్ చక్రం పడితే గోళీల మీద కాలు వేసినట్టే. కల్లాలు లేక రైతు రోడ్డెక్కుతున్నాడు, అది నిజం. ఆరబోసినచోట చీకటి పడ్డాక అడ్డంగా పెట్టే బండరాళ్ళు మాత్రం ఎవరికీ మేలు చేయవు. మన ఊరి కుర్రవాడే రాత్రి బండి మీద వచ్చి వాటికి గుద్దుకున్న సంఘటనలు లేకపోలేదు. కాళ్ళు పోవడానికి యుద్ధాలే అక్కరలేదు.

ఇక డబ్బు మాట. చందా పేరుతో మోసం చేసేవారు ఎక్కడైనా ఉంటారు. పరుగులో చేరడానికి కట్టే రుసుము వేరు, దానం వేరు. రుసుములో ఎక్కువ భాగం బనియన్లు, పతకాలు, నీళ్ళు, అంబులెన్సు ఏర్పాట్లకే పోతుంది. అందులో ఎంత సేవకు ఇస్తున్నారో నిర్వాహకులు ముందే చెప్పాలి. దానం ఇచ్చేవారు సంస్థకే నేరుగా ఇచ్చి రసీదు తీసుకోవడం మంచిది. ఆదాయపు పన్నులో తగ్గింపు కావాలంటే 2,000 రూపాయలు మించిన నగదు చెల్లదు, బ్యాంకు ద్వారా ఇవ్వాలి. పోయినసారి వచ్చిన డబ్బుతో ఎందరికి కాళ్ళు పెట్టించారని అడిగితే నిజమైన సంస్థ ఏదీ నొచ్చుకోదు. చొక్కాకు నోటు గుచ్చిన రోజుల్లో ఈ బెంగ ఉండేది కాదు. డబ్బు ఎవరికి పోతోందో అందరి కళ్ళెదుటే తెలిసేది.

తెల్లవారుజామున వెళ్ళినవారు తిరిగి పాతబస్తీ చేరేసరికి పదకొండు దాటుతుంది. కడ్తాల్ దాకా వెళ్ళి వస్తే వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. అప్పటికి శాలిబండ రోడ్డు ఆటోలతో, తోపుడు బళ్ళతో కిక్కిరిసి ఉంటుంది. తొక్కడానికి సందు ఉండదు. దిగి, సైకిల్ పట్టుకుని నడిపించుకుంటూ చార్మినార్ దాకా వస్తారు. పొద్దున చాయ్ తాగిన హోటల్‌లోనే మళ్ళీ చాయ్ చెప్పి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆనాటి కిలోమీటర్లు రాసుకుంటారు. పక్క బల్ల మీది పెద్దమనిషి ఎంత దూరమని అడిగి, చెప్పింది విని, నమ్మనట్టు తల ఊపుతాడు.